వెతికిన పుస్తకం చేతికి రావాలె

పోయిన సంచికల నేను చేసే కొలువు గురించి నాలుగు ముక్కలు రాసిన, లైబ్రరీలకి సాఫ్ట్‌వేర్ పెట్టించే ప్రాజెక్ట్ మేనేజర్‌ని అని, మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు అని, అంతే. దానికి నల్గొండ, పాలమూరు దిక్కు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తయని అసలు అనుకోలే. అన్నీ అచ్చు వేయాలంటే జాగా సరిపోదు కాబట్టి ఒకే తీరుగ ఉన్నవాటిని కలిపి జవాబు రాస్తున్న, ఏమనుకోకండి.

ప్రశ్న: అమ్మా, నేను మిర్యాలగూడల రైస్ మిల్లుల గుమాస్తాని. మా బిడ్డ డిగ్రీ అయినంక లైబ్రరీ సైన్స్ డిగ్రీ బీఎల్ఐఎస్సీ చేసింది, ఇప్పుడు దాంట్లనే పీజీ ఎంఎల్ఐఎస్సీ చేస్త అంటున్నది. మా బామ్మర్దేమో లైబ్రరీ అంటే పుస్తకాలకి స్టాంపు కొట్టుడే గదా, దానికి రెండు డిగ్రీలెందుకు అంటున్నడు. అసలు మీరు పొద్దున పోయి సాయంత్రం దాకా ఏం చేస్తరమ్మా?
— ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: బాబాయ్, మీకు చెప్పుడు నాకు అల్కగనే ఉంటది. మీ మిల్లుకి ఒక వడ్ల లారీ వస్తే కాటా చీటీ రాస్తరు, తేమ ఎంతుందో చూస్తరు, రైతు పేరు, బస్తాల లెక్క రాస్తరు, అవి ఏ గోదాంల ఏ వరుసల పెట్టిండ్రో రాస్తరు, బియ్యమై బయటికి పోయేదాకా ఎక్కడ ఒక చీటీ తప్పినా సాయంత్రానికి లెక్క కుదరదు. లైబ్రరీల పుస్తకం సంగతి కూడా అదే. కొన్న బిల్లు, అక్సెషన్ నెంబర్ అంటే లైబ్రరీ ఆ పుస్తకానికిచ్చే వరుస నెంబర్, ఏ సబ్జెక్టు, ఏ రాక్, ఎవరు తీసుకపోయిండ్రు, ఎప్పుడు తెస్తరు. ఇదంతా చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉంటది. దాన్ని ఒక కాలేజీకో యూనివర్సిటీకో ఆఫీసుకో పెట్టించి, పాత లెక్కలన్నీ దాంట్లకి ఎక్కించి, అక్కడి మనుషులకి నేర్పించి, నడిచేదాకా వెంట ఉండుడు నా పని.

మొదటి రెండు రోజులు నేను కంప్యూటర్ ముట్టుకోను. కౌంటర్ పక్కన కుర్చీ వేసుకోని కూసుంట. పాలమూరు దిక్కు ఒక కాలేజీల గట్లనే కూసుంటే అక్కడి అటెండర్ కాక అంగీ జేబులకెంచి మాటిమాటికీ ఒక చిన్న డైరీ తీసి ఏదో రాసుకుంటున్నడు. ఏంది కాకా అంటే రాత్రి పుస్తకాలు బిడ్డా అన్నడు. సంగతేందంటే రెఫరెన్స్ పుస్తకాలు బయటికియ్యొద్దని రూలు, పరీక్షలప్పుడు పోరగాళ్లు బతిమాలితే సాయంత్రం అయిదింటికి ఇచ్చి పొద్దున తొమ్మిదింటికి తిరిగి తీసుకుంటడు, ఆ లెక్క ఏ రిజిస్టర్ల లేదు, కాక జేబుల మాత్రమే ఉంది. ఆ డైరీల పేజీలు బీడీ వాసన, ఎడమ దిక్కు రోల్ నెంబర్, కుడి దిక్కు పుస్తకం పేరుల సగం ముక్క, తిరిగొస్తే అడ్డగీత. ఎనిమిదేండ్లల ఒక్క పుస్తకం కూడా పోలేదట. మేం పెట్టబోయే సాఫ్ట్‌వేర్ల రోజుల లెక్కనే కాదు గంటల లెక్కన కూడా ఇష్యూ చేయొచ్చు, ఆ సెట్టింగ్ పెట్టి కాక డైరీల ఉన్న పద్ధతినే రూలుగ మార్చినం. నేను పోయి నేరుగ కంప్యూటర్ ముందు కూసుంటే ఆ డైరీ సంగతి నాకు ఎప్పటికీ తెల్వకపోవు.

మిగతా రోజులు ఎస్టిమేట్లు, ప్రిన్సిపాల్ సంతకాలు, సాఫ్ట్‌వేర్ కంపెనీతోటి ఫోన్లు, డేటా తప్పులు చూసుడు, ట్రైనింగ్, ఏ పని ఏ తారీకుకి కావాలె అని పట్టుకోని తిరుగుడు. స్టాంపు కొట్టే పని కూడా ఉంటది బాబాయ్, అది చిన్న పనేం కాదు, ఆ స్టాంపు పక్కన రాసే నెంబర్ తప్పైతే మా పనంతా తప్పైతది.

ఉద్యోగాల ముచ్చట ఉన్నదున్నట్టు చెప్తున్న. సర్కారు లైబ్రేరియన్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూసినోళ్లు నాకు తెలుసు, కాబట్టి దాని ఒక్కదాని మీదనే కూసోవద్దు. ప్రైవేట్ యూనివర్సిటీలు, మెడికల్ కాలేజీలు, రీసెర్చ్ సంస్థలు, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఇచ్చే కంపెనీలు, డిజిటైజేషన్ చేసేవి ఉన్నయి, హైదరాబాద్ల ఇవి బానే ఉన్నయి. మొదట్ల జీతం తక్కువనే, నాకూ తక్కువనే ఉండె. మీ బిడ్డని ఎంఎల్ఐఎస్సీ చేయనియ్యండి, దాంతోపాటు ఎక్సెల్ గట్టిగ, డేటాల కావాల్సింది వెతికి తీసే ఎస్‌క్యూఎల్ కొంచెం నేర్చుకోమనండి. ఆ రెండూ వచ్చిన లైబ్రరీ పిల్ల కోసం మాలాంటోళ్లు వెతుక్కుంటున్నరు, ఇది మాత్రం ఖాయంగ చెప్పగల.

ప్రశ్న: అక్కా, నేను సీఎస్ఈల బీటెక్ చేసి రెండేండ్ల నుంచి టెస్టింగ్ జాబ్ చేస్తున్న. పుస్తకాలంటే పిచ్చి. లైబ్రరీ సిస్టమ్స్ దిక్కు రావాలని ఉంది కానీ నాకు లైబ్రరీ డిగ్రీ లేదు. లైబ్రరీ సైన్స్ వాళ్లు మనల్ని రానిస్తరా?
— ఒక తమ్ముడు, వనపర్తి

జవాబు: తమ్ముడూ, ఈ ఫీల్డ్‌ని నిలబెట్టినోళ్లల బయటినుంచి వచ్చినోళ్లే పెద్దోళ్లు. మన దేశంల లైబ్రరీ సైన్స్ అంటే మొదట చెప్పుకునే రంగనాథన్ గారు లెక్కల మాస్టారు, 1924ల మద్రాస్ యూనివర్సిటీ లైబ్రేరియన్ అయినంకనే లండన్ పోయి ఈ చదువు నేర్చుకున్నరు, 1931ల లైబ్రరీ ఎట్ల నడవాలె అనే అయిదు సూత్రాలు, 1933ల పుస్తకాలని సబ్జెక్టు ప్రకారం విడదీసే కోలన్ వర్గీకరణ తెచ్చిండ్రు. ఇయ్యాల ప్రపంచమంతా లైబ్రరీ రికార్డులు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పంపుకునే మార్క్ ఫార్మాట్ ఉంది గదా, దాన్ని 1960లల అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ల తయారుచేయించిన హెన్రియెట్ ఆవ్రమ్ కూడా ప్రోగ్రామరే, లైబ్రరీ చదువు చదివిన మనిషి కాదు. వచ్చి ఏం చేసింది, కేటలాగ్ కార్డు మీద ప్రతి గీత, ప్రతి చుక్క ఎందుకుందో లైబ్రేరియన్ల దగ్గర కూసోని నేర్చుకుంది. నువ్వూ అదే చెయ్యి.

డిగ్రీ అవసరమా అంటే, సాఫ్ట్‌వేర్ కంపెనీ దిక్కు నుంచి వస్తే అవసరం లేదు, లైబ్రరీ దిక్కు నుంచి వస్తే కావాలె. ఉద్యోగం చేసుకుంటనే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీల గానీ ఇగ్నోల గానీ బీఎల్ఐఎస్సీ చేయొచ్చు. నేనైతే చెయ్యమనే అంట, ఎందుకంటే కేటలాగింగ్ పరీక్షకి ఒక్క నెల కూసోని చదివితే మార్క్ ఫార్మాట్ల 100 నెంబర్ గడిల రచయిత, 245ల పుస్తకం పేరు, 020ల ఐఎస్‌బీఎన్ అని వేళ్ల మీదకి వస్తది, అప్పుడు లైబ్రేరియన్‌తోటి మాట్లాడితే వాళ్లు నిన్ను తమ మనిషి అనుకుంటరు. నువ్వు టెస్టింగ్ చేస్తున్న అన్నవు చూడు, అది మాకు మస్తు పనికొస్తది. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఫ్రీగ దొరుకుతది, ఇంట్ల పాత ల్యాప్‌టాప్ల డెబియన్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోని దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యి, మీ ఇంట్ల ఉన్న పుస్తకాలన్నీ, అమ్మ దాచుకున్న వంటల పుస్తకంతో సహా, దాంట్ల ఎక్కియ్యి. ఇంటర్వ్యూల అది చూపిస్తే సర్టిఫికెట్ కంటే ఎక్కువ మాట్లాడతది.

ప్రశ్న: మేడం, నేను నారాయణపేట దిక్కు ఒక కాలేజీల లైబ్రేరియన్‌ని. దాదాపు 6000 పుస్తకాలు, సగం తెలుగువే. అన్నీ రిజిస్టర్ల ఉన్నయి, కొన్ని ఎప్పుడో ఎవరో డీటీపీ వాళ్లతోటి టైప్ చేయించిన ఫైల్స్ ఉన్నయి. బడ్జెట్ ఏం లేదు. కోహా, ఈ-గ్రంథాలయ, సోల్, వీటిల ఏది మంచిది? ఒక్కదాన్నే చేయగలనా?
— ఒక లైబ్రేరియన్, నారాయణపేట జిల్లా

జవాబు: మేడం, మీ ఉత్తరం మూడుసార్లు చదివిన, ఎందుకంటే నేను ఈ పనిల పడ్డదే మీలాంటి ఒక మేడం అడిగితే.

మొదట సాఫ్ట్‌వేర్ సంగతి తొందరగ చెప్పేస్త. ఈ-గ్రంథాలయ మన కేంద్ర సర్కారు ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్లది, సర్కారు లైబ్రరీలకి బాగుంటది. సోల్ గాంధీనగర్ల ఉన్న, యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లది, కాలేజీలు, యూనివర్సిటీలని మనసుల పెట్టుకోని చేసింది. కోహా న్యూజిలాండ్ల హోరోవెనువా అనే చిన్న ప్రాంతం లైబ్రరీ కోసం పుట్టింది, వాళ్ల పాత సిస్టమ్ 2000 సంవత్సరం వస్తే నడవదని కొత్తది చేయించుకున్నరు, 2000 జనవరిల మొదలుపెట్టి అందరికీ ఉచితంగ ఇచ్చేసిండ్రు. కోహా అంటే అక్కడి మావోరీ భాషల కానుక అని అర్థం. హైదరాబాద్ల కూడా న్యూజెన్‌లిబ్ అని ఒకటి తయారైంది, 2008ల దాన్ని ఓపెన్ సోర్స్ చేసి కోడ్ అందరికీ ఇచ్చేసిండ్రు, మన ఊర్ల అట్లాంటి పని జరిగిందంటే నాకు ఇప్పటికీ సంతోషం. మీ దగ్గర సర్వర్ చూసుకునే మనిషి ఎవరూ లేకుంటే ఈ-గ్రంథాలయ కోసం ఎన్ఐసీకి రాయండి. కంప్యూటర్ల లెక్చరర్ ఒకరు తోడొస్త అంటే కోహా పెట్టండి. ఇంతే, దీని మీద నెలల తరబడి ఆలోచించకండి, ఎందుకంటే అసలు కష్టం సాఫ్ట్‌వేర్ల లేదు, మీ డేటాల ఉంది.

డీటీపీ ఫైల్స్ అన్నరు చూడండి, నాకు గుండె జల్లుమంది. అవి అను అనే ఫాంట్లనో ఇంకో పాత ఫాంట్లనో ఉంటయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్ల తెరిస్తే చక్కటి తెలుగు కనబడతది, లేని దాంట్ల తెరిస్తే ఇంగ్లీష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలగాపులగం, ఎందుకంటే లోపల ఉన్నవి నిజంగ అవే, పైన తెలుగు బొమ్మ తొడిగిండ్రు అంతే. వాటిని అట్లనే ఎక్కిస్తే సెర్చ్ల ఒక్క పుస్తకం దొరకదు. ఏ కంప్యూటర్ల తెరిచినా తెలుగు తెలుగుగనే ఉండే యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నయి, మార్చినంక వత్తులు, ఐత్వాలు తారుమారైతయి, కాబట్టి ప్రతి వంద రికార్డులకి పది పుస్తకాలు రాక్ నుంచి తీసి కళ్లతోటి పోల్చి చూడండి. ఫైల్ మరీ పాడుగ ఉంటే దాన్ని పక్కన పడేసి పుస్తకం చేతిల పట్టుకోని కొత్తగ టైప్ చేసుడే నయం, ఇది నేను రెండు చోట్ల చేసి చెప్తున్న మాట.

ఇంకోటి, నేను చేసిన తప్పు చెప్త, మీరు చేయకండి. మొదట్ల ఒక కాలేజీ డేటా ఎక్సెల్ల తెచ్చుకోని తెరిచిన, సేవ్ చేసిన, ఎక్కించిన. వాళ్ల అక్సెషన్ నెంబర్లు 00457 తీరుగ ఉండె, ఎక్సెల్ ముందున్న సున్నాలన్నీ తీసేసి 457 చేసింది, పొడుగు బార్‌కోడ్లని ఈ ప్లస్ ఏదో అని కుదించి చివరి అంకెల్ని సున్నాలు చేసింది, నేను చూసుకోలే. మొదటి రోజు ఒక పిల్ల పుస్తకం తెచ్చి ఇచ్చింది, స్కానర్ పెడితే ఈ పుస్తకం మా దగ్గర లేదు అని వచ్చింది, ఆ లైబ్రేరియన్ సార్ ఏమనలేదు, పుస్తకం మీద ఉన్న స్టాంపుని వేలితోటి చూపించిండు. ఆ రాత్రి హైదరాబాద్ బస్సు ఎక్కలే, అక్కడనే ఉండి పాత ఫైల్ నుంచి మళ్లీ మొదటినుంచి ఎక్కించినం, తెల్లారి ఆరైంది. అప్పటినుంచి ఎక్సెల్ల ఆ కాలమ్‌ని టెక్స్ట్ చేసినంకనే డేటా తెస్త, ఒరిజినల్ ఫైల్‌కి చెయ్యి పెట్టను, తారీకులు కూడా రోజు ముందా నెల ముందా అని రెండుసార్లు అడుగుత.

ఒక్కరే చేయగలరా అంటే చేయగలరు, టైమ్ పెట్టుకోండి. రోజుకి 50 పుస్తకాలు సరిగ్గ చేస్తే 6000కి 120 పనిదినాలు, సెలవులు, పరీక్షల డ్యూటీలు కలిపితే దాదాపు ఒక అకడమిక్ ఇయర్. అన్నీ అయినంకనే మొదలుపెడదం అనుకోకండి, పిల్లలు ఎక్కువ తీసుకపోయే 500 పుస్తకాలు ముందు ఎక్కించి ఇష్యూ మొదలుపెట్టండి, మిగతావి తిరిగొచ్చినప్పుడల్లా ఎక్కించుకుంట పోండి. కోహా పెడితే సెర్చ్ నడిపే జీబ్రా ఇండెక్సింగ్ల, ఇంగ్లీష్ కాని లిపులని చూసుకునే ఐసీయూ ఆన్ చేయమని మీ కంప్యూటర్ సార్‌కి చెప్పండి, అది లేకుంటే తెలుగు సెర్చ్ సక్కగ రాదు, చాలామంది ఇక్కడ చిక్కుకోని కోహాల తెలుగు రాదు అనేస్తరు. బ్యాకప్ రోజూ తియ్యాలె, అదే కంప్యూటర్ల పెట్టొద్దు, ఒక కాపీ వేరే బిల్డింగ్ల ఉండాలె. రిజిస్టర్లని మాత్రం ఎప్పటికీ పారేయకండి.

ప్రశ్న: అక్కా, నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న. నేను పోయే లైబ్రరీల కంప్యూటర్ల సురవరం ప్రతాపరెడ్డి అని కొడితే ఒక్క పుస్తకమే వస్తది, రాక్ దగ్గరికి పోతే మాత్రం నాలుగైదు ఉన్నయి. ఎందుకట్ల?
— ఒక డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: చెల్లె, ఒక్క ప్రశ్నల నా కొలువంతా అడిగినవు. ఆ కంప్యూటర్ల ఒకరు సురవరం ప్రతాపరెడ్డి అని రాసిండ్రు, ఒకరు ప్రతాపరెడ్డి, సురవరం అని, ఒకరు ప్రతాప రెడ్డి అని జాగా ఇచ్చి, ఒకరు ప్రతాప్‌రెడ్డి అని, ఇంకొకరు ఇంగ్లీష్ అక్షరాలల్ల. మనకి ఒకే మనిషి, మిషన్‌కి అయిదుగురు. ఇంకా చిత్రం, ప్రతాప్ అని పొల్లుతోటి ఆపి పక్కనే రెడ్డి రాస్తే మధ్యల కంటికి కనబడని ఒక గుర్తు ఉంటది, వత్తు పడకుండ ఆపేది, కొన్ని కీబోర్డులు అది వేస్తయి కొన్ని వెయ్యవు, వెయ్యకుంటే రెడ్డిల ర వత్తుగ మారి కిందికి పోతది, మనకి ఒకే పేరు, సెర్చ్‌కి వేరు.

దీనికి మందు ఉంది, అథారిటీ రికార్డు అంటరు. ఒక పేరుని అసలు పేరు అని ఖాయం చేసి మిగతావన్నీ దానికి కట్టేస్తరు, ఏది కొట్టినా అన్ని పుస్తకాలు వస్తయి. ఒక్క రచయితకి ఇది చేసుడు పది నిమిషాల పని. పాలమూరు మట్టిల పుట్టిన మనిషికి, తెలంగాణల కవులే లేరంటే 1934ల 354 మంది కవుల్ని గోలకొండ కవుల సంచికల అచ్చేసి చూపించిన మనిషికి, మన లైబ్రరీల పది నిమిషాలు పెట్టకపోతే ఎట్ల? నాకు దీని మీద కోపం కూడా వస్తది.

అప్పటిదాకా నువ్వు చిన్న ముక్కతోటి వెతుకు, సురవరం అని ఒక్క మాట, లేదంటే పుస్తకం పేరుల ఒక మాట. ఆంధ్రుల సాంఘిక చరిత్ర కోసమైతే సాంఘిక అని, రాకపోతే సాంఘీక అని దీర్ఘంతోటి కూడా కొట్టి చూడు, చాలా చోట్ల అట్ల తప్పుగనే ఎక్కిస్తరు. పుస్తకం 1949ది, సాహిత్య అకాడమీ 1955ల తెలుగుకి ఇచ్చిన మొదటి అవార్డు దానిదే, నీ పరీక్షకి ఇది కూడా పనికొస్తది. ఇంకో మాట, వచ్చినయి రానివి ఒక కాయితం మీద రాసి లైబ్రేరియన్‌కి ఇయ్యి. అది పబ్లిక్ లైబ్రరీ అయితే మొహమాటం అసలే వద్దు, 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు, మీ నాయిన కట్టిండు, అడిగే హక్కు నీకుంది.

ప్రశ్న: పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ చేస్తే ఈ ఉద్యోగం వస్తదా? ఏఐ వచ్చినంక ఈ పని ఉంటదా?
— ముగ్గురు నలుగురు అడిగిండ్రు, నల్గొండ, సూర్యాపేట, జడ్చర్ల నుంచి

జవాబు: పీఎంపీకి డిగ్రీ ఉన్నోళ్లకి మూడేండ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల ట్రైనింగ్ కావాలె, ఫీజు కూడా ఎక్కువ, కాబట్టి మొదట్ల దాని ఎంబడి పడకండి, పనిల చేరినంక కంపెనీ కట్టిస్త అంటే చెయ్యండి. ఏఐ సంగతి, నేను రోజూ వాడుతున్న, పేర్ల తేడాలు పట్టుకునే దగ్గర సాయం అయితది, కానీ తెలుగు పుస్తకం కవర్ ఫోటో ఇస్తే సంపాదకుడిని రచయిత అని రాసింది, రెండుసార్లు. పుస్తకం తెరిచి టైటిల్ పేజీ వెనక చూసే మనిషి ఉండాలె.

ప్రశ్న: ఆఫీసు అయినంక ఏం చేస్తరు మేడం? ఇంత పని చేసి ఇంటికి పోయి మళ్ల పుస్తకాలేనా?
— ఒక టీచర్, నాగర్‌కర్నూల్

జవాబు: అవును టీచర్ గారూ, మళ్ల పుస్తకాలే, కాకపోతే వేరే తీరు. నెలకొక ఆదివారం నల్గొండల అమ్మవాళ్లింటికి పోత, పోయినప్పుడల్లా పానగల్లు పోత. ఛాయా సోమేశ్వరాలయంల లింగం మీద పగలంతా పడే స్తంభం నీడ చూడనీకి అందరూ వస్తరు, నేను అది చూసి శాసనాల దగ్గర కూసుంట. ఎవరిచ్చిండ్రు, ఎప్పుడు, ఎంత భూమి, ఎవరికి, అన్నీ వరుసగ రాసి రాయి మీద పెట్టిండ్రు, చూస్తుంటే నాకు కేటలాగ్ కార్డు చదువుతున్నట్టే అనిపిస్తది.

ఇంకొకటి, పాత ఊరి గ్రంథాలయాల రిజిస్టర్లు ఎక్కడన్న ఉన్నయంటే పోయి ఫోటోలు తీసుకుంట. 1922ల నల్గొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చిన జిల్లా మనది, ఊర్లల్ల దీపం పెట్టుకోని పేపర్ చదివి వినిపించిన కాలం అది, అప్పటి నుంచి ఎవరెవరు ఏం చదివిండ్రో ఈ రిజిస్టర్లల్ల ఉంటది. మొన్న ఒక ఇంటి అటక మీద ఒకటి దొరికింది, అంచులు చెదలు తిన్నయి, సిరా ఎర్రబడ్డది. దాంట్ల ఒకాయన పుస్తకాలు తీసుకపోయిండు, సంతకం చోట వేలిముద్ర ఉంది. ఇంట్ల ఎవరో చదివి వినిపిస్తుండొచ్చు. ఇంకో మూడు పేజీలు తిప్పితే అదే పేరు, ఈసారి వేలిముద్ర లేదు, వంకరటింకర అక్షరాలు, గీత దాటి కిందికి పోయినయి. నేను ఆ పేజీ మీద చాలాసేపు ఉన్న.

మీ ఇంట్ల గానీ, మీ బడిల గానీ, ఊరి పాత పంచాయతీ ఆఫీసుల గానీ అట్లాంటి రిజిస్టర్ ఉంటే పాత సామాన్ల బండికి వెయ్యకండి టీచర్ గారూ. ఫోన్ల ఒక్కో పేజీ వెలుతురుల పెట్టి ఫోటో తీసి, ఊరి పేరు, తీసిన తారీకు రాసి ఈ శీర్షికకి పంపండి. నేను ఒక్కో రికార్డు చేసి పెడుతున్న, ఇప్పటికి పదకొండు ఊర్లయినయి.